ఒకే మాటను రెండు యాంటెన్నాలతో చెప్పడం ఎలా

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వెళ్లిపోతాను, ఎందుకంటే ఇవాళ బోర్డు మీద చెయ్యాల్సిన చిన్న లెక్క ఒకటుంది, అది మీ కళ్ల ముందు తేలకుండా ఈ గంట అయిపోతే నాకు తృప్తి ఉండదు.

ఫోన్‌లో మాట్లాడుతుంటే అవతలి గొంతు తెగిపోతుంది. మనం ఒక అడుగు పక్కకు జరుగుతాం, మళ్లీ వినిపిస్తుంది. ఇది అందరికీ ఎంత అలవాటైపోయిందంటే ఎందుకిలా అవుతుందని ఎవరూ అడగరు. టవర్ దూరంగా ఉందేమో అనుకుంటాం. కానీ ఒక్క అడుగు జరిగితే టవర్ దగ్గరైపోదు కదా! అయినా సిగ్నల్ వచ్చింది. ఆ ఒక్క అడుగులో ఏం మారింది?

నేను చదువుకునే రోజుల్లో ల్యాబ్‌లో ఒక ప్రయోగం చేశాను. గదిలో ఒక మూల ట్రాన్స్‌మిటర్, ఇంకో మూల టేబుల్ మీద రిసీవర్, ఫ్రీక్వెన్సీ 2.4 గిగాహెర్ట్జ్. రిసీవర్ పక్కన స్కేలు పెట్టుకుని, ఒక్కో సెంటీమీటరు జరుపుతూ రీడింగ్ రాసుకోవాలి. అంతే పని. మొదటి పదిహేను రీడింగులు కాస్త అటూ ఇటూగా వచ్చాయి, విసుగొచ్చింది కూడా. తర్వాత రెండు మూడు సెంటీమీటర్లు జరిపేసరికి రీడింగ్ ఒక్కసారిగా 20 డెసిబెల్స్ పడిపోయింది. అంటే పవర్ వందో వంతుకు వచ్చేసింది. మీటరే పాడైందనుకుని ఇంకోటి తెచ్చి పెట్టాను, అదే రీడింగ్. రిసీవర్‌ను మళ్లీ వెనక్కి జరిపితే పాత రీడింగ్ వచ్చేసింది. అంటే టేబుల్ మీద ఆ చోట, కంటికి కనపడకుండా, ఒక గుంట ఉంది. సిగ్నల్ గుంట. దాని పక్కన ఓ జానెడు దూరంలో అంతా బాగానే ఉంది. ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు.

ఆ గుంట ఎలా వస్తుందో చూద్దాం. ట్రాన్స్‌మిటర్ నుంచి బయల్దేరిన తరంగం ఒక్క దారిలో రాదు. గోడకు తగిలి ఒకటి, పైకప్పుకు తగిలి ఒకటి, ఇనప బీరువాకు తగిలి ఇంకొకటి, ఇలా పది దారుల్లో వచ్చి రిసీవర్ దగ్గర కలుస్తుంది. ఒక్కో దారి పొడవు ఒక్కోలా ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు. కాబట్టి రెండు దారుల మధ్య తేడా ఆరు సెంటీమీటర్ల చిల్లర ఉంటే చాలు, ఒక తరంగం శిఖరం మీద ఉన్నప్పుడు రెండోది లోయలో ఉంటుంది. రెండూ కలిసి సున్నా. చెరువులో రెండు రాళ్లు వేస్తే అలలు కలిసేచోట కొన్ని చోట్ల నీళ్లు ఎగుస్తాయి, కొన్ని చోట్ల కదలకుండా నిలబడిపోతాయి, సరిగ్గా అదే. దీన్నే ఫేడింగ్ అంటాం. ఏ దారీ మిగతా వాటికంటే మరీ బలంగా లేకుండా, చాలా దారులు కలగలిసి వచ్చే పరిస్థితిని రేలీ ఫేడింగ్ అంటారు, బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ పేరు మీద.

ఇక్కడ ఎవరికైనా మొదట తట్టే మందు పవర్ పెంచడం. సిగ్నల్ బలహీనంగా ఉందా, గట్టిగా పంపు! ఇది ఎంత ఖరీదైన మందో చెప్తాను. ఒక్కోసారి గాలిలోకి పంపే సంకేతాన్ని సింబల్ అంటాం. ఒక్కో సింబల్‌కు ఒక్కో బిట్, ప్లస్ లేదా మైనస్, అంత సాదా పద్ధతి తీసుకోండి. ఫేడింగ్ లేకుండా నాయిస్, అంటే సిగ్నల్‌తో కలిసి వచ్చే అనవసరపు గోల, మాత్రమే ఉన్నచోట, వెయ్యి బిట్లకు ఒకటి తప్పు వచ్చే స్థాయికి చేరాలంటే సిగ్నల్ నాయిస్ కంటే 7 డెసిబెల్స్ పైన ఉంటే దాదాపు సరిపోతుంది. రేలీ ఫేడింగ్ ఉన్నచోట అదే నాణ్యత కావాలంటే సగటున సుమారు 24 డెసిబెల్స్ కావాలి. తేడా 17 డెసిబెల్స్, అంటే 50 రెట్ల పవర్. అసలు బాధ ఆ యాభై రెట్లు కూడా కాదు. ఫేడింగ్‌లో పవర్ పది రెట్లు పెంచితే తప్పులు పదో వంతుకే తగ్గుతాయి. ఇంకో పది రెట్లు పెంచండి, ఇంకో పదో వంతు. నాయిస్ ఒక్కటే ఉన్నప్పుడు అలా కాదు, పవర్ కాస్త పెంచేసరికి తప్పులు కుప్పకూలిపోతాయి. తేడా ఎందుకంటే ఫేడింగ్‌లో తప్పులన్నీ గుంటల్లోనే వస్తున్నాయి. గుంటలో ఉన్నవాడికి సున్నాకు దగ్గరగా ఉన్నదాన్ని పదితో గుణించినా సున్నాకు దగ్గరగానే ఉంటుంది. నేను ఇవాళ చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది: సగటు సిగ్నల్ ఎంత అన్నది మన సమస్య కాదు, గుంటలో పడే అవకాశం ఎంత అన్నదే సమస్య.

మరి ఆ అవకాశం ఎంత? రేలీ ఫేడింగ్‌లో సిగ్నల్ పవర్ సగటు కంటే 20 డెసిబెల్స్ కిందకి, అంటే వందో వంతు కంటే కిందకి పడే అవకాశం దాదాపు నూటికి ఒకటి. వినడానికి చిన్నదే. కానీ ఒక టవర్ కింద వేల మంది ఉంటారు, ఏ క్షణం చూసినా వాళ్లలో నూటికొకరు గుంటలో ఉన్నట్టే.

కాసేపు ఆగి మళ్లీ పంపితే పోలేదా అని కొందరు అడుగుతారు. మీరు కారులో వెళ్తుంటే ఆ మాట నిజమే, గుంట దాటేస్తారు. కానీ కదలకుండా కూర్చున్నవాడి సంగతేంటి? 2 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 15 సెంటీమీటర్లు. సెకనుకు మీటరు చొప్పున నడిచేవాడికి గుంటలోంచి బయటపడడానికి పదుల మిల్లీసెకన్లు పట్టొచ్చు, కూర్చున్నవాడు గుంటలోనే కూర్చుని ఉంటాడు. అదే గుంటలోకి పదిసార్లు పంపితే పదిసార్లూ పోతుంది. అందుకే ఒకే సమాచారాన్ని ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారుల్లో పంపాలి. దీన్నే డైవర్సిటీ అంటారు. రెండు దారులూ ఒకేసారి గుంటలో ఉండే అవకాశం, ఒక్కోదాని అవకాశాన్ని రెండోదానితో గుణించినంత. నూటికి ఒకటి కాస్తా పదివేలకు ఒకటి స్థాయికి వెళ్తుంది. పవర్ పెంచి ఇంత తేవాలంటే వంద రెట్లు పెంచాలి, అది మరిచిపోకండి.

రిసీవర్ వైపు రెండు యాంటెన్నాలు పెట్టడం చాలా పాత పద్ధతి. 1930ల నాటికే షార్ట్‌వేవ్ రేడియో స్టేషన్లలో దూరదూరంగా యాంటెన్నాలు నాటి, వాటిలో వచ్చే సిగ్నల్స్‌ను కలిపి వాడేవారు. దీనిలో చిక్కేమీ లేదు. రెండు యాంటెన్నాలకు రెండు వైర్లు, ఏది బాగుంటే అది తీసుకో, లేదా రెంటినీ సరిచేసి కలుపుకో. కానీ ఫోన్ విషయానికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఫోన్ చిన్నది, బ్యాటరీ చిన్నది, ఇంకో యాంటెన్నా అంటే దాని వెనక ఇంకో రిసీవర్ సర్క్యూట్ మొత్తం కావాలి. టవర్ మీద అయితే చోటుంది, కరెంటుంది, పైగా అక్కడ ఒక్క యాంటెన్నా పెడితే కింద ఉన్న వేల ఫోన్లకూ పనికొస్తుంది. కాబట్టి బరువు టవర్ మీదే పెడదాం, పంపే వైపే రెండు యాంటెన్నాలు పెడదాం. 1990ల మొదట్లో అందరూ కుస్తీ పడుతున్న ప్రశ్న ఇదే.

పంపే వైపు రెండు పెట్టగానే చిక్కు మొదలవుతుంది. ఫోన్‌కు ఉన్నది ఒక్క యాంటెన్నా. రెండు యాంటెన్నాల నుంచి వచ్చినవీ గాలిలోనే కలిసిపోయి, ఒకే మొత్తంగా దాని దగ్గరకొస్తాయి. ఇప్పుడు రెండిట్లోనూ ఒకే సిగ్నల్ పంపామనుకోండి. చాలామంది మొదట అనుకునేది ఇదే, రెండు చోట్ల నుంచి పంపితే రెండింతల భరోసా కదా అని. కాదు! ఒక దారిలో సిగ్నల్ ఎన్ని రెట్లై చేరుతుందో ఆ అంకెను దారి విలువ అందాం. ఒక దారి విలువ ప్లస్ ఒకటి, రెండో దారి విలువ మైనస్ ఒకటి అనుకోండి, అంటే రెండో దారిలో తరంగం తలకిందులై వస్తోంది. ఒకే సిగ్నల్ రెండు దారుల్లో వచ్చి, ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ఫోన్ దగ్గర సున్నా. విడివిడిగా చూస్తే రెండు దారులూ నిక్షేపంగా ఉన్నాయి, కలిపేసరికి ఏమీ మిగల్లేదు. మొదటికే మోసం. గణితంగా చూసినా అంతే, రెండు రేలీ దారులను అలా కూడితే వచ్చేది ఇంకో రేలీ దారే, పాత గుంటల స్థానంలో కొత్త గుంటలు వస్తాయి తప్ప వాటి సంఖ్య తగ్గదు.

కాబట్టి యాంటెన్నాలు ఎన్ని పెట్టామన్నది కాదు, ఒక్కోదాంట్లోంచి ఏం పంపుతున్నామన్నదే అసలు విషయం. మొదట్లో వచ్చిన ఒక ఉపాయం, రెండో యాంటెన్నాలో అదే సిగ్నల్‌ను ఒక సింబల్ ఆలస్యంగా పంపడం. ఫోన్‌కు అది ప్రతిధ్వనిలా వినిపిస్తుంది, ప్రతిధ్వనిని విడదీసే ఈక్వలైజర్ ఉంటే రెండు దారుల లాభమూ దక్కుతుంది. పనిచేస్తుంది, కానీ ఫోన్‌లో ఈక్వలైజర్ పని బరువైనది. తర్వాత 1998లో వహీద్ తరోఖ్, నంబి శేషాద్రి, రాబర్ట్ కాల్డర్‌బ్యాంక్ స్పేస్-టైమ్ కోడ్‌ల, అంటే ఏ యాంటెన్నా ఏ క్షణంలో ఏం పంపాలో చెప్పే పద్ధతుల, సిద్ధాంతాన్ని గట్టి పునాది మీద నిలబెట్టారు. అదే ఏడాది సియావాష్ అలమౌటి ఒక చిన్న పేపర్ రాశారు. ఆ పేపర్‌లోని ఉపాయం రెండు లైన్లలో బోర్డు మీద రాసేయొచ్చు. అది చూసినప్పుడల్లా, ఇంత తేలికైనది ఇన్నేళ్లు ఎవరికీ ఎందుకు తట్టలేదా అని నాకు ఆశ్చర్యమే.

రండి, లెక్క చేద్దాం. పంపాల్సిన సింబల్స్ రెండు, ఎస్1, ఎస్2. మొదటి క్షణంలో మొదటి యాంటెన్నా ఎస్1 పంపుతుంది, రెండో యాంటెన్నా ఎస్2 పంపుతుంది. రెండో క్షణంలో చోట్లు మారతాయి, మొదటి యాంటెన్నా మైనస్ ఎస్2 పంపుతుంది, రెండోది ఎస్1. అసలు పద్ధతిలో సంకీర్ణ సంఖ్యలుంటాయి కాబట్టి రెండో క్షణంలో పంపేవాటికి సంయుగ్మాలు తీసుకోవాలి, ఇప్పుడు మనం మామూలు సంఖ్యలతో చేస్తున్నాం కాబట్టి ఆ గొడవ లేదు.

మొదటి దారి విలువ 2, రెండో దారి విలువ 1 అనుకుందాం. ఎస్1 ప్లస్ ఒకటి, ఎస్2 మైనస్ ఒకటి. మొదటి క్షణంలో ఫోన్‌కు వచ్చేది, రెండు ఒకట్లు రెండు, దాన్లోంచి ఒకటి తీసేస్తే, 1. రెండో క్షణంలో మొదటి యాంటెన్నా పంపేది మైనస్ ఎస్2, అంటే ప్లస్ ఒకటి, రెండోది పంపేది ఎస్1, అదీ ప్లస్ ఒకటి, కాబట్టి వచ్చేది రెండు ప్లస్ ఒకటి, 3. ఫోన్ చేతిలో ఉన్నవి ఒకటి, మూడు, ఈ రెండే. ఇప్పుడది ఏం చేస్తుందంటే, మొదటి అంకెను మొదటి దారి విలువతో, రెండో అంకెను రెండో దారి విలువతో గుణించి కూడుతుంది: రెండు ఒకట్లు రెండు, ఒక మూడు మూడు, మొత్తం 5. ఇది ఎస్1కి అయిదు రెట్లు. అలాగే మొదటి అంకెను రెండో దారి విలువతో గుణించి, రెండో అంకెను మొదటి దారి విలువతో గుణించి, తీసివేస్తుంది: ఒకటి మైనస్ ఆరు, మైనస్ 5. ఇది ఎస్2కి అయిదు రెట్లు. చూశారా, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వచ్చిన రెండూ, ఒకదాని మరక రెండోదాని మీద లేకుండా శుభ్రంగా విడిపోయాయి. ఆ అయిదు ఎక్కడిది? రెండు వర్గం నాలుగు, ఒకటి వర్గం ఒకటి, కలిపితే అయిదు. వర్గాలు ఎప్పుడూ మైనస్ కావు కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకునే ప్రసక్తే లేదు.

ఇందాక సున్నా వచ్చిన పరిస్థితి గుర్తుందా, ఒక దారి ప్లస్ ఒకటి, ఇంకోటి మైనస్ ఒకటి? అదే ఇక్కడ పెట్టి చూడండి. మొదటి క్షణంలో ఫోన్‌కు వచ్చేది 2, రెండో క్షణంలో 0. ఎస్1 కోసం చేస్తే 2, ఎస్2 కోసం చేస్తే మైనస్ 2. ఇందాక అంతా పోయిన చోటే ఇప్పుడు రెండు సింబల్సూ రెండింతలుగా చేతికొచ్చాయి. ఇక మొదటి దారి పూర్తిగా గుంటలో పడి సున్నా అయిందనుకోండి, రెండో దారి ఒకటి. వచ్చేవి మైనస్ 1, 1. ఎస్1కి ఒకటి, ఎస్2కి మైనస్ ఒకటి, రెండూ బతికే ఉన్నాయి. ఈ రెండు లెక్కలూ ఇంటికెళ్లి కాగితం మీద మీరే ఒకసారి చెయ్యండి, నేను చెప్తే వినడం వేరు, మీ చేతి కింద విడిపోతుంటే చూడడం వేరు.

గమనించండి, రెండు క్షణాల్లో రెండు సింబల్స్ వెళ్లాయి, వేగం ఏమీ తగ్గలేదు. ఫోన్‌లో చెయ్యాల్సింది నాలుగు గుణకారాలు, ఒక కూడిక, ఒక తీసివేత. టవర్‌కు దారుల విలువలు తెలియక్కర్లేదు, ఫోన్‌కు తెలిస్తే చాలు. ఈ చివరి మాట చాలా ముఖ్యమైనది, మళ్లీ దానికొస్తాను.

లాభంతో పాటు ఖర్చూ చెప్పాలి. మొత్తం పవర్ మారకూడదంటే ఒక్కో యాంటెన్నాకు సగమే ఇవ్వాలి. అందుకే రిసీవర్ వైపు రెండు యాంటెన్నాలు పెట్టినదానికంటే ఇది 3 డెసిబెల్స్ వెనకబడి ఉంటుంది. ఆ సగం పవర్‌ను లెక్కలోకి తీసుకున్నా, ఇందాకటి నూటికి ఒకటి కాస్తా అయిదు వేలకు ఒకటి అవుతుంది. నా దృష్టిలో ఇది చాలా చవకైన బేరం.

రెండో విషయం, ఆ రెండు క్షణాల్లో దారుల విలువలు మారకూడదు. మారితే విడదీసే లెక్క తప్పి ఎస్1లో ఎస్2 మరక మిగులుతుంది. సింబల్స్ చాలా పొట్టిగా ఉంటే ఇది పెద్ద సమస్య కాదు, బాగా వేగంగా వెళ్లే రైల్లో పొడుగు సింబల్స్‌తో అయితే జాగ్రత్త పడాలి. దారుల విలువలు ఫోన్‌కు తెలియాలంటే రెండు యాంటెన్నాలూ వేర్వేరు పైలట్ సిగ్నల్స్, అంటే ఫోన్‌కు ముందే తెలిసిన సిగ్నల్స్, పంపాలి, అంటే యాంటెన్నాలు పెరిగేకొద్దీ పైలట్లకు పోయే సమయమూ పెరుగుతుంది.

మూడోది, చాలామంది తప్పు చేసేది, యాంటెన్నాల మధ్య దూరం. ఫోన్ చుట్టూ గోడలు, మనుషులు, వస్తువులు, అన్ని దిక్కుల నుంచీ తరంగాలొస్తాయి, అక్కడ అర తరంగదైర్ఘ్యం దూరం ఉంటే దారులు దాదాపు విడివిడిగా ఉంటాయి. టవర్ పైన అలా కాదు. అంత ఎత్తు నుంచి చూస్తే ఫోన్ చుట్టూ ఉన్న ప్రతిఫలనాలన్నీ ఒక సన్నటి కోణంలోనే ఉంటాయి, రెండు యాంటెన్నాలకూ దాదాపు ఒకటే కనిపిస్తుంది. అక్కడ పది తరంగదైర్ఘ్యాల దాకా ఎడం కావాల్సి రావచ్చు. దగ్గర దగ్గరగా పెట్టేసి డైవర్సిటీ రాలేదంటే తప్పు కోడ్‌ది కాదు. అంత చోటు లేనప్పుడు ఒకే పెట్టెలో రెండు యాంటెన్నాలను ఒకటి ప్లస్ 45 డిగ్రీలు, ఒకటి మైనస్ 45 డిగ్రీలు వంచి పెడతారు, పోలరైజేషన్, అంటే తరంగం ఊగే దిక్కు, వేరు కాబట్టి దారులూ వేరవుతాయి. టవర్ మీద కనిపించే పొడుగాటి పలకల్లో చాలావాటి లోపల ఉండేది ఇదే.

రెండుతో ఇంత బాగుంటే నాలుగు పెట్టేద్దామా? ఇక్కడ గణితం అడ్డుపడుతుంది. 1999లో తరోఖ్, హమీద్ జాఫర్‌ఖానీ, కాల్డర్‌బ్యాంక్ చూపించింది ఏంటంటే, సంకీర్ణ సింబల్స్‌తో, వేగం తగ్గకుండా, ఇంత శుభ్రంగా విడిపోయే జోడింపు రెండు యాంటెన్నాలకు తప్ప కుదరదు. మూడు, నాలుగు యాంటెన్నాలకు ఇలా విడిపోయే కోడ్‌లు ఉన్నాయి కానీ వేగం మూడు వంతులకు, అంటే నాలుగింట మూడుకు పడిపోతుంది. అలమౌటి చెప్పిన జత ఒక అదృష్టం లాంటిది, రెండు దగ్గర మాత్రమే అన్నీ కలిసొచ్చాయి. అందుకే ఎల్‌టీఈలో, అంటే 4జీలో, టవర్‌కు నాలుగు యాంటెన్నాలున్నప్పుడు వాటిని రెండు జతలు చేసి, ఒక జత కొన్ని ఫ్రీక్వెన్సీల్లో, ఇంకో జత మిగతా వాటిలో పనిచేసేలా పెట్టారు. అక్కడ ఇంకో మార్పు కూడా ఉంది, రెండు క్షణాల బదులు 15 కిలోహెర్ట్జ్ ఎడంలో ఉన్న పక్కపక్క సబ్‌క్యారియర్లు, అంటే సన్నటి ఫ్రీక్వెన్సీ పాయలు, రెండు వాడతారు. లెక్క అదే, కాలం చోట ఫ్రీక్వెన్సీ వచ్చింది. మూడో తరం మొబైల్ పద్ధతి డబ్ల్యూసీడీఎంఏలో ఇది కాలంలోనే ఉండేది, 2009లో వచ్చిన 802.11ఎన్ వైఫైలో కూడా ఐచ్ఛికంగా ఉంది.

ఇందాక మళ్లీ వస్తానన్న మాట దగ్గరికి వద్దాం. టవర్‌కు దారుల విలువలు తెలిస్తే ఇంకా బాగా చెయ్యొచ్చు, రెండు తరంగాలూ ఫోన్ దగ్గర శిఖరాలతోనే కలిసేలా ముందే సర్ది పంపొచ్చు, పోగొట్టుకున్న ఆ 3 డెసిబెల్స్ కూడా వెనక్కొస్తాయి. బీమ్‌ఫార్మింగ్ అనేది ఇదే. కానీ అందుకు ఫోన్ తన దారి విలువలు టవర్‌కు చెప్పాలి, చెప్పేలోపు అవి మారిపోకూడదు. మారిపోతే, పాత లెక్కతో సర్ది పంపినవి రెండూ కొట్టేసుకోవచ్చు.

మరి టవర్‌కు ఎవరు వింటున్నారో కూడా తెలియనప్పుడు? ఇప్పుడే స్విచ్ ఆన్ చేసిన ఫోన్‌ను ఊహించుకోండి. దానికి టవర్ ఎవరో తెలియదు, టవర్‌కు ఆ ఫోన్ ఉందనే తెలియదు. నా బ్యాండ్‌విడ్త్ ఇంత అని టవర్ అందరికీ కలిపి ఒక ప్రకటన పంపుతుంది. గుంటలో ఉన్నవాడికీ అది అందాలి. ఇలాంటి చోట అలమౌటి జతకు సాటి వచ్చేది లేదని నేను గట్టిగా నమ్ముతాను, ఎల్‌టీఈలో ఆ ప్రకటనను దాంతోనే పంపుతారు. ఇంకో ముచ్చటైన విషయం, టవర్‌కు ఆ సమయంలో ఒకటి, రెండు, నాలుగు యాంటెన్నాల్లో ఎన్ని ఉన్నాయో కూడా ఫోన్‌కు ముందు తెలియదు. మూడింటినీ ప్రయత్నించి చూసి, తప్పులు పట్టే కోడ్ ఏ లెక్కకు సరిపోయిందో దాన్నిబట్టి తెలుసుకుంటుంది. 5జీలో ఈ జతను పక్కనపెట్టి, చాలా యాంటెన్నాలతో ఒక సన్నటి బీమ్ కట్టి దాన్ని దిక్కు దిక్కుకూ తిప్పుతూ ప్రకటిస్తారు. అక్కడ యాంటెన్నాలు పదుల్లో ఉంటాయి కాబట్టి దారి వేరు.

ఆ వెనకాల చెయ్యి ఎత్తారు, అడగండి. సరే, ప్రశ్న ఏంటంటే, ఇప్పుడు ఫోన్లలో కూడా రెండు యాంటెన్నాలు ఉంటున్నాయి కదా, ఇంకా టవర్ వైపు ఈ తంటా ఎందుకు అని. మంచి ప్రశ్న. రెండూ కలుస్తాయి, అదే దీని అందం. టవర్ వైపు అలమౌటి జత అలాగే ఉంచి, ఫోన్‌లోని ఒక్కో యాంటెన్నా దగ్గర ఇదే లెక్క విడివిడిగా చేసి, జవాబులను కూడేస్తే చాలు. అప్పుడు దారులు నాలుగు. నాలుగు వర్గాల మొత్తం మీ సిగ్నల్. దారులన్నీ నిజంగా విడివిడిగా ఉన్నాయనుకుంటే, ఇందాక నూటికి ఒకటి అన్నాం, జతతో అయిదు వేలకు ఒకటి అన్నాం, ఈ నాలుగు దారులతో అది సుమారు 15 కోట్లకు ఒకటి అవుతుంది. టవర్ పంపే మొత్తం పవర్ మాత్రం మొదట్లో ఎంతో ఇప్పుడూ అంతే, ఒక్క వాట్ కూడా పెంచలేదు. తర్వాతి ప్రశ్న?